ఇటలీకి మూడు మొక్కులు

ఇటలీ వెళ్లి దారి తప్పినవాళ్లు, పర్సు పోగొట్టుకున్నవాళ్లు, పెళ్లాంతో పోట్లాడి వేరే వేరే రైళ్లెక్కినవాళ్లు మీకు తెలిసే ఉంటారు. విమానం గడప తొక్కకుండానే ఇటలీ చేతిలో చిత్తుగా ఓడిపోయినవాణ్ని మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్నే. నెత్తిమీది జుట్టు, మూతిమీది మీసం, రెండు అరికాళ్ల చర్మం, వీటన్నిటినీ ఆ దేశం పేరున వదులుకున్నాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ మూడేళ్లుగా నవ్వుతూనే ఉంది.

మాది పినపాక దగ్గర చిన్న ఊరు. నా ఉద్యోగం, కాపురం మణుగూరులో, బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగిరీ. మా ఆవిడ స్వప్నది పెనుబల్లి వైపు. మా మండలంలోనే ఒక బళ్లో సోషల్ టీచరు. పెళ్లికి ముందు ఆరేళ్ల నుంచీ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఊరి గురించి, నీళ్ల మీద కట్టిన ఊరి గురించి పిల్లలకు పాఠం చెబుతోంది. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "టీచర్, మీరు గవన్నీ చూసిండ్రా?" అని అడిగిందట. చూడలేదని చెప్పడానికి తనకు సిగ్గేసిందట. పెళ్లయిన వారానికి ఈ మాట నాకు చెప్పింది. కొత్త పెళ్లికొడుకు నోటికి తాళం ఉండదు కదా, అప్పటికప్పుడు, "మొదటి పెళ్లిరోజు ఇటలీలనే చేసుకుందాం" అనేశాను.

అన్నాను సరే, మాట నిలబెట్టుకోవడానికి ఏడాదంతా కష్టపడ్డాను కూడా. గోడకు మ్యాపు కొట్టాను. ముందు వెనిస్, తర్వాత ఫ్లోరెన్స్, అక్కణ్నుంచి రైల్లో కిందికి దిగి అమాల్ఫీ సముద్రతీరం, ఆఖర్న రోమ్. సరిగ్గా పెళ్లిరోజు సాయంత్రానికి సముద్రం పక్కన ఇద్దరికి భోజనం బల్ల. గనిలో పనిచేసేవాణ్ని గనక రోజులన్నీ షిఫ్టులుగా కోసి పెట్టాను.

"ఫస్ట్ షిఫ్టుల మ్యూజియం, సెకండ్ షిఫ్టుల చర్చీలు" అని చదివి వినిపించాను.

"మధ్యలో ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలండీ?" అంది స్వప్న.

"టీ బ్రేకుల."

ఇంతవరకూ నాలో మీకు లోపం కనిపించదు. లోపం రక్తంలో ఉంది. మా అమ్మ గ్యాసు బండ ఆలస్యమైతే కొబ్బరికాయ మొక్కుతుంది. బర్రె ఈనేదాకా ఒక మొక్కు, ఈనాక దూడ నిలబడేదాకా ఇంకొకటి. డిగ్రీ చదివాను, కంప్యూటర్ నేర్చాను గానీ, గుండె ఒక్కసారి దడదడలాడిందంటే నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. ఇటలీ ప్రయాణం అనేది మొదటి నుంచి చివరి దాకా గుండెదడే అని నాకప్పుడు తెలియదు.

మొదట పాస్‌పోర్టు. విచారణకు పోలీసాయన వచ్చేసరికి నేను డ్యూటీలో, స్వప్న బళ్లో, ఇంటికి తాళం. ఆ మాట తెలిసి నా పై ప్రాణం పైనే పోయింది. "ముత్యాలమ్మ తల్లీ, పాస్‌పోర్టులు వస్తే దంపతులం ఇద్దరం వచ్చి పుంజును ఇచ్చుకుంటం" అని మొక్కేశాను. ఆయన మర్నాడు మళ్లీ వచ్చాడు. పాస్‌పోర్టులు వచ్చాయి.

తర్వాత సెలవు. రెండు వారాలకు పైగా సెలవంటే మా మేనేజరు కాగితం చూసి, "చూద్దాం" అన్నాడు. ఆఫీసు భాషలో చూద్దామంటే 'చూడం' అని అర్థం. మెట్లు దిగుతూనే, "రామచంద్రా, సెలవు దొరికితే దంపతులం ఇద్దరం భద్రాచలం నుంచి పర్ణశాల దాక ఉత్తకాళ్లతో నడుస్తం" అన్నాను. సాయంత్రానికి సెలవు చేతికొచ్చింది. నిజానికి ఆయన నా కాగితం మీద ముందురోజే సంతకం చేశాడని తర్వాత తెలిసింది. అమ్మతో ఆ మాట అంటే, "నువ్వు మొక్కుతవని దేవునికి ముందుగాలనే తెలుసు కొడుకా" అంది.

మూడోది వీసా. హైదరాబాదులో గాజు కిటికీ వెనక ఒక అమ్మాయి మా కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి మెడ పట్టేసి ఊపుకుందో, పక్కావిడ మాటకు ఊపిందో నాకేం తెలుసు? మనసులో భద్రాద్రి రాముడి ముందు సాష్టాంగపడిపోయాను. "స్వామీ, వీసాలు ఇప్పియ్యి. బయల్దేరకముందే దంపతులం ఇద్దరం తలనీలాలు సమర్పించుకుంటం." మొక్కుతున్నప్పుడు స్వప్న నా పక్కనే కూర్చుని ఉంది. నడుం దాటి కిందికి దిగే జడను ముందుకు వేసుకుని, ఫోన్లో ఇటలీ భాషలో నమస్కారం ఎలా చెప్పాలో నేర్చుకుంటోంది.

వీసాలు వచ్చాయి. మూడు మొక్కుల సంగతీ తనకు చెప్పలేదు. దాచాలని కాదు, సమయం వచ్చినప్పుడు చెబుదామని. మొగుళ్లెవరికీ ఈ సమయం ఎప్పుడూ రాదని మీకు తెలుసు. అమ్మకు మాత్రం ఎప్పటికప్పుడు ఫోన్‌చేసి చెప్పాను. మొక్కును ఇంకొకరి చెవిన వేసి ఉంచడం మా ఇంటి పద్ధతి, మరిచిపోకుండా.

మే నెల. ఆదివారం పొద్దున అమ్మ ఊరి నుంచి దిగింది. మర్నాటి నుంచి నా సెలవు, శనివారం విమానం. స్వప్న సూట్‌కేసు సర్దుతూ, రాళ్ల వీధుల్లో నడవడానికని కొనుక్కున్న కొత్త బూట్లు అందులో పెడుతోంది.

"చెప్పులెందుకు బిడ్డా? నడిచేది ఉత్తకాళ్లతోటి గదా" అంది అమ్మ.

"ఇటలీలో ఉత్తకాళ్లతో ఎందుకు అత్తయ్యా?"

"ఇటలీల గాదు, పర్ణశాలకు." అమ్మ కోడలి జడను ప్రేమగా నిమిరింది. "నీది పెద్ద మనసు బిడ్డా. గింత జుట్టు దేవునికి ఇచ్చుడంటే మాటలా!"

స్వప్న చేతిలో బూటు అలాగే ఆగిపోయింది. నేను మెల్లగా పెరట్లోకి జారుకోబోయాను.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. వానాకాలంలో గోదారి చప్పుడు చేయకుండా ఉందంటే ఒడ్డునున్నవాళ్లు సామాను సర్దుకోవాలి.

"నా జుట్టు మీరు మొక్కారా?"

"ఇద్దరిదీ మొక్కిన" అన్నాను, దాంతో నేరం సగం తగ్గినట్టు.

"నన్ను అడిగారా?"

"టైం లేకుండె స్వప్నా. కిటికీ కాడ ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది."

"ఆ పిల్ల తల ఊపితే నా తల ఇచ్చేస్తారా?"

నేను ఆశగా అమ్మ వైపు చూశాను. అమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పంచాయితీ మొదలైందని నాకర్థమైంది.

"అడగలేదారా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"తల ఎవరిది?"

"ఆమెది."

"మొక్కింది?"

"నేను."

"గట్లనైతే ఆమె మీద ఏం లేదు. ఆమె వాటా గూడ నువ్వే ఇయ్యాలె."

"నాకున్నది ఒక్క తలనే గదమ్మా!"

అమ్మ నా మొహాన్ని సంతలో కోడెను చూసినట్టు అటూ ఇటూ చూసింది. ఆ చూపు ముక్కు కింద ఆగింది. "మీసం ఉన్నది గదా" అంది.

మర్యాదకు చెప్పాలి కదా, ఆడవాళ్లిద్దరూ నాకు తప్పించుకునే దారి కూడా చూపించారు. "వచ్చాక తీర్చుకుందురు గాని, దేవుడెక్కడికీ పోడు" అంది స్వప్న. "అవ్, వచ్చినంక తీర్చుకో. సామికి చెప్పుకుంటే ఇంటడు" అంది అమ్మ. అప్పుడు నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ మూడు మొక్కులు నెత్తిన పెట్టుకుని సముద్రం మీద ఎగరడానికి నాకు ధైర్యం చాలలేదు. "మాట అంటే మాటే. బయల్దేరకముందే అన్న, ముందే తీరుస్త" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఏరు దాటాక బోడి మల్లన్న అవుతాడని సామెత. నేను ఏరు దాటకముందే బోడి కావడానికి సిద్ధపడ్డాను.

సోమవారం ముత్యాలమ్మకు నా వాటా ఒక పుంజు, స్వప్న వాటా ఒక పుంజు. ఇందులో నాకేం నొప్పి లేదు, పుంజులను అడగండి. మంగళవారం భద్రాచలం. గోదారి ఒడ్డున క్షురకుడు తల గీసి, మీసం దగ్గర కత్తి ఆపి, "ఇది గూడనా?" అన్నాడు.

"అవ్. అది మా ఆవిడ వాటా."

ఆయన చాలామంది భక్తులను చూసి ఉంటాడు. అయినా కత్తి దించి, ఒడ్డున జడ వేసుకుని కూర్చున్న స్వప్నను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, పని కానిచ్చాడు.

ఇక నడక. ఇక్కడా అదే లెక్క. పర్ణశాలకు వెళ్లేది నా వాటా, తిరిగి వచ్చేది స్వప్న వాటా. రెండూ నా కాళ్లతోనే. బుధవారం కోడి కూయకముందే బయల్దేరాను. స్వప్న స్కూటీ మీద నా పక్కనే, నా నడకంత మెల్లగా వస్తోంది. ముందు బుట్టలో నీళ్ల సీసాలు, గ్లూకోజు, మజ్జిగ. చెవిలో ఇటలీ భాష పాఠం.

తొమ్మిది దాటేసరికి తారు రోడ్డు పెనమైంది.

"డిక్కీలో చెప్పులున్నాయండీ" అంది స్వప్న.

"రాముడు గిదే అడవిల ఉత్తకాళ్లతో నడవలేదా?"

"ఆయన చెప్పులు తమ్ముడికి ఇచ్చేశాడు కాబట్టి నడిచాడు. మీవి డిక్కీలోనే ఉన్నాయి. పైగా ఆయనకు శనివారం విమానం లేదు."

సోషల్ టీచరుతో వాదించకూడదు. నేను రోడ్డు పక్కన గడ్డి మీదికి జరిగి నడిచాను.

దారిలో బీడీలు చుట్టే తునికాకు మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ ఎదురొచ్చింది. నా గుండు, లేని మీసం, ఉత్తకాళ్లు చూసి మోపు దించి నా భుజం మీద చెయ్యి వేసింది. మన దగ్గర తలా మీసం కలిపి ఎప్పుడు తీస్తారో మీకు తెలుసు కదా.

"ఎవరు పోయిండ్రు కొడుకా? నాయినా?"

"ఎవ్వరు పోలేదమ్మా. మా నాయిన మంచిగున్నడు. పెళ్లిరోజుకు ఇటలీ పోతున్నం."

ముసలమ్మ స్వప్న వైపు తిరిగింది. "గిట్ల ఎన్ని దినాల నుంచి మాట్లాడుతున్నడు బిడ్డా?" అని మెల్లగా అడిగింది. స్వప్న నవ్వు ఆపుకోలేక స్కూటీని చెట్టు కిందికి తీసుకుపోయింది. ముసలమ్మ నాకు రెండు తాటి ముంజెలు ఇచ్చి, దేవుడు మంచి చేస్తాడని చెప్పి పోయింది.

పొద్దుగూకేసరికి పర్ణశాల చేరాను. దండం పెట్టుకున్నాను. కాళ్లు అప్పటికే కాళ్లలా లేవు. ఇక చాలు, ఆటోలో వెళదామని స్వప్న ఎంత చెప్పినా వినలేదు. "నీ వాటా మిగిలింది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేనెంత గొప్ప భర్తనో అనుకుని నాకు నేనే మురిసిపోయాను కూడా. గురువారం మధ్యాహ్నం, తిరుగుదారి సగమైనా కాకముందే, అరికాళ్ల బొబ్బలన్నీ ఒక్కసారి పగిలాయి. రోడ్డు పక్కన కూలబడ్డాను. ఈసారి ఆటో ఎక్కడానికి నన్నెవరూ బతిమాలలేదు, స్వప్నా ఆటోవాడూ కలిసి ఎత్తి పడేశారు.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు రెండు కాళ్లకూ మోకాళ్ల దాకా కట్లు కట్టి, "పది రోజులు కాళ్లు కింద పెట్టొద్దు. చీము పడితే చాలా కష్టం" అన్నాడు.

"ఎల్లుండి ఇటలీ పోవాలె సార్."

ఆయన నా గుండు, మూతి, కట్లు వరసగా చూశాడు. "ఇటలీ దాకా ఇట్లనే నడిచిపోదామనుకున్నవా?" అన్నాడు.

శుక్రవారం పొద్దున. నేను మంచం మీద, కాళ్లు రెండు దిండ్ల మీద. స్వప్న సూట్‌కేసు తెరిచి, బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెడుతోంది. ఆఖర్న కొత్త బూట్లు తీసింది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

అంతవరకూ నన్ను చూసి లోకం నవ్వుతుంటే నేనూ నవ్వుకున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. నాకు సిగ్గేసింది. దేవుడికి ఇచ్చిన మాట కోసం కాళ్లు కాల్చుకున్నాను గానీ, తనకిచ్చిన మాట నాకెక్కడా గుర్తు రాలేదు.

"స్వప్నా, బట్టలు మల్ల పెట్టు. నువ్వు పో" అన్నాను.

"పెళ్లిరోజుకు ఒక్కదాన్నే ఎలా వెళ్తానండీ?"

"మొక్కులు నేనొక్కణ్నే తీర్చలేదా? గట్లనే."

"నాకు భయం. విమానం ఎప్పుడూ ఎక్కలేదు."

"నేనెక్కిన్నా? ఏ షిఫ్టుల ఏం చూడాలెనో అంతా రాసున్నది. ఆ ఊర్ల గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నేను ఉత్త సామాను మోసేటోన్ని."

తను అమ్మ వైపు చూసింది. అమ్మ కోడలి కళ్లు తుడిచింది. "పో బిడ్డా. వీడు యాడికి పోతడు, కాళ్లు లేవు గదా. నేను చూసుకుంట, నువ్వు జల్దీ తయారుగా" అంది.

వెళ్లింది. హైదరాబాదు విమానాశ్రయం నుంచి ఏడుస్తూ ఫోన్‌చేసింది. వెనిస్ నుంచి చేసినప్పుడు ఏడుపు లేదు. ఫ్లోరెన్స్ నుంచి చేయడమే మరిచిపోయింది. పెళ్లిరోజున సముద్రం పక్కన నేను మాట్లాడిపెట్టిన బల్ల చూపించింది. మా ఇద్దరి పేర్లతో కేకు, రెండు ప్లేట్లు.

"మీ వాటా ఏం చేయాలండీ?" అంది.

"ఏం చేస్తవ్?"

"నేనే తినేశాను. బాగుంది." నేనప్పుడు అమ్మ కలిపిన మామిడికాయ పప్పన్నం మింగుతున్నాను.

మర్నాడు బూడిదలో పూడిన ఆ ఊరికి వెళ్లి ఫోన్ తిప్పి చూపించింది. "ఇదేనండీ, పుస్తకంలో బొమ్మ ఉంది చూడండి, ఆ వీధి ఇదే" అంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వీధిలో తన పక్కన నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ నొప్పి అరికాళ్ల నొప్పి కంటే పెద్దది.

ఆఖరి రోజు రోమ్ నుంచి ఫోన్. వెనక నీళ్ల హోరు.

"ఇక్కడ కూడా మొక్కులున్నాయండీ! ఈ ఫౌంటెన్ నీళ్లలోకి వెనక్కి తిరిగి నాణెం విసిరితే మళ్లీ వస్తారట."

"వేసినవా?"

"వేశాను, ఈసారి ఇద్దరం రావాలని. నాణెం ఒక్కటే చాలదేమోనని మన పద్ధతిలో కూడా ఒకటి మొక్కాను."

"ఏం మొక్కినవ్?"

"ఇద్దరం కలిసి వస్తే, మా బడి పిల్లలందరికీ మీరొక్కరే ఒక పూట వండి వడ్డిస్తారని."

నాకు టీ పెట్టడం కూడా రాదు. ఆ బళ్లో పిల్లలు మూడు వందలకు పైనే.

"నన్ను అడగకుండ నా పేరు మీద ఎట్ల మొక్కుతవ్ స్వప్నా?" అని అరిచాను.

అన్నాక నాలిక కరుచుకున్నాను. అవతల తను నవ్వడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేసేదాకా ఆపలేదు. పక్కన అమ్మ, "మంచి మొక్కు" అని తలూపింది.

మూడేళ్లయింది. ఈ ఏడు మళ్లీ ఇద్దరం వీసాకు పెట్టుకున్నాం. జవాబు ఈ వారంలో రావాలి. ఫోన్ మోగినప్పుడల్లా నా చేతులు జోడించుకోబోతాయి, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాను. కనుక పాఠకుల సాక్షిగా, నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి తలా, ఎవరి కాళ్లూ, చివరికి నావి కూడా, ఎవరికీ మొక్కను. ఆపద వస్తే దరఖాస్తు పెట్టుకుంటాను, అంతే. ముత్యాలమ్మ తల్లీ, ఈ ఒక్క మాట మీద నన్ను నిలబెట్టు. నిలబెట్టావంటే దంపతులం ఇద్దరం వచ్చి...

"ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది స్వప్న వంటింట్లోంచి.

"ఎవ్వరితోటి లేదు."